ఫోటోలు చాలు, వార్డులోకి రండి

అమెరికాలోని తెలుగు సంఘాల అధ్యక్షులకు, కార్యవర్గాల పెద్దలకు,

నమస్కారం.

పోయిన ఏడాది ఒక సంఘం వాళ్ల విందుకు వెళ్లాను. పేరు ఎందుకులెండి, ఏ సంఘమైనా ఒకటే. వేదిక మీద ఒక కాంగ్రెస్‌మన్ గారు. ఆయనకు శాలువా కప్పడానికి పద్నాలుగు మంది లేచారు, ఒక్కొక్కరికీ విడివిడిగా ఫోటో. ఆయన "నమస్తే" అంటే చప్పట్లు, "బిర్యానీ" అంటే ఇంకా గట్టిగా చప్పట్లు. నా పక్క కుర్చీలో ఒకావిడ కూర్చున్నారు. అరవై దాటిన మనిషి, విజయవాడ నుంచి కొడుకు దగ్గరికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మెల్లగా నా వైపు వంగి అడిగారు: "అన్నయ్యగారూ, మా వీధి మలుపులో స్టాప్ సైన్ లేదండీ. మనవణ్ని స్కూల్ బస్సు ఎక్కించాలంటే రోజూ టెన్షనే. ఎవర్నడగాలి? ఈయన్నడగొచ్చా?"

ఈయన్ని కాదమ్మా అన్నాను. మరెవర్నని మా టేబుల్ దగ్గరున్న అందర్నీ అడిగాం. అందులో ఇద్దరు మాజీ అధ్యక్షులు, ఒక కన్వెన్షన్ కన్వీనర్. ఒక్కరికీ తెలియదు. ఒకాయన "నైన్ వన్ వన్‌కి చేస్తే?" అన్నాడు. జోక్ కాదు, నిజంగానే అన్నాడు.

ఈ ఉత్తరం ఆ టేబుల్ గురించే.

2025 నవంబర్‌లో మీరంతా పోస్టర్లు వేసుకున్నారు, చూశాను. హైదరాబాద్‌లో పుట్టిన గజాలా హష్మీ వర్జీనియా లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచారు. ఆ రాత్రే జోహ్రాన్ మమ్దానీ న్యూయార్క్ మేయర్‌గా గెలిచాడు. అంతకు ముందు, 2023లో అరుణా మిల్లర్ మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నర్‌గా ప్రమాణం చేసినప్పుడు కూడా ఇలాగే పండగ చేసుకున్నాం. చేసుకోవాల్సిందే. కానీ మీలో ఎవరూ ఏనాడూ పోస్టర్ వేయని ఒక మేయర్ గురించి నేను చెప్పాలి. పేరు హెరాల్డ్ వాషింగ్టన్. చికాగోకు మొదటి నల్లజాతి మేయర్. 1983లో గెలిచి, 1987 నవంబర్‌లో ఆఫీసు బల్ల మీదే ఒరిగిపోయాడు. మన వాడు కాదు. మా ఊరి మేయర్. నేను ఆయనకు ఓటేయలేదు కూడా, ఆ సంగతి తర్వాత చెప్తాను.

ముందు చికాగో లెక్క తెలియాలి. చట్టం ప్రకారం చూస్తే ఇక్కడ మేయర్ బలహీనుడు. 50 వార్డులు, వార్డుకో ఆల్డర్‌మన్, అంటే మన కార్పొరేటర్. బడ్జెట్‌కైనా పెద్ద నియామకాలకైనా వాళ్లు తలూపాలి. హైదరాబాద్‌ని చూసిన మనకి ఇది వింతేం కాదు, అక్కడ మేయర్ రిబ్బన్ కత్తిరిస్తే కమిషనర్ బడ్జెట్ కత్తిరిస్తాడు. మరి రిచర్డ్ జె. డేలీ 1955 నుంచి 1976లో చనిపోయే దాకా 21 ఏళ్లు మహారాజులా ఎలా ఏలాడు? ఆయన మేయరే కాదు, కుక్ కౌంటీ డెమొక్రటిక్ పార్టీకి అధ్యక్షుడు కూడా. వేల ఉద్యోగాలు ఆయన చేతి మీదుగా నడిచేవి. ఉద్యోగం నిలవాలంటే ఆ ఉద్యోగి తన ప్రీసింక్ట్‌లో, అంటే నాలుగైదు వీధుల పోలింగ్ ముక్కలో, ఓట్లు తెచ్చి చూపించాలి. దీన్నే ఇక్కడ 'మెషీన్' అంటారు.

ఆ మెషీన్ ఎలా ఉంటుందో నేను గుమ్మంలో చూశాను. నేను చికాగో వచ్చింది 1975లో, సిటిజన్ అయింది 1982లో. ప్రమాణం చేసి వచ్చి నెల తిరక్కుండానే మా ప్రీసింక్ట్ కెప్టెన్ తలుపు కొట్టాడు. చేతిలో అట్ట, దానికి రబ్బరు బ్యాండ్‌తో బిగించిన ఓటర్ల జాబితా, చెవి మీద పెన్సిల్. నా పూర్తి పేరు నోరు తిరక్క "మిస్టర్ రావ్" అని రాసుకున్నాడు. వెనక సందులో దీపం వెలగట్లేదని మాటవరసకి అన్నాను. మూడో రోజుకి లారీ వచ్చింది. ఎన్నికలొచ్చినప్పుడు మళ్లీ వచ్చాడు, దీపం బాగా వెలుగుతోందా అని అడిగాడు. ఇంకేం అనక్కర్లేదు కదా.

హెరాల్డ్ పుట్టిందే ఈ మెషీన్ ఇంట్లో. 1922లో. తండ్రి రాయ్ లాయరు, చర్చిలో బోధకుడు, మూడో వార్డులో ప్రీసింక్ట్ కెప్టెన్. కొడుకు రెండో ప్రపంచ యుద్ధానికి వెళ్లొచ్చి, రూజ్‌వెల్ట్ యూనివర్సిటీలో డిగ్రీ, నార్త్‌వెస్టర్న్‌లో లా చేశాడు. లా తరగతిలో నల్లజాతి విద్యార్థి ఆయనొక్కడే. తండ్రి పోయాక ఆ ప్రీసింక్ట్ పని ఆయన చేతికే వచ్చింది. వార్డు నాయకుడు రాల్ఫ్ మెట్‌కాఫ్, 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో జెస్సీ ఓవెన్స్‌తో కలిసి పరుగెత్తిన మనిషి. ఆయన దగ్గర కుర్రాళ్లని పోగేయడం, ఓట్లు లెక్కపెట్టడం నేర్చుకున్నాడు. 1965లో ఇల్లినాయ్ దిగువ సభ, 1976లో రాష్ట్ర సెనేట్, 1980 ఎన్నికల్లో అమెరికా కాంగ్రెస్. మార్టిన్ లూథర్ కింగ్ పుట్టినరోజును సెలవుగా చేస్తూ 1973లో ఇల్లినాయ్ చేసిన చట్టం వెనక ఆయన చెయ్యి ఉంది. ఏ రాష్ట్రమూ అంతకు ముందు అలాంటి చట్టం చేయలేదు.

మచ్చ లేని మనిషేం కాదు. కొన్నేళ్లు ఆదాయపు పన్ను రిటర్నులు వేయకపోవడంతో 1972లో నెలకు పైగా జైల్లో ఉన్నాడు. కట్టాల్సిన బాకీ చూస్తే 500 డాలర్ల చిల్లర. లాయరు లైసెన్సూ కొన్నాళ్లు పోయింది. 1977లో, డేలీ చనిపోయాక వచ్చిన ప్రత్యేక ఎన్నికలో, మేయర్ పదవికి ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థి ఎవరో తేల్చే ఎన్నికలో, నిలబడితే వచ్చింది 11 శాతం. మనవాళ్లయితే అక్కడితో ఆయన ఫైలు మూసేసేవాళ్లు.

1982లో నల్లజాతి సంఘాల వాళ్లు మళ్లీ ఆయన దగ్గరికి వెళ్లారు. అప్పటి మేయర్ జేన్ బర్న్ మీద వాళ్లకి ఒళ్లు మండిపోతోంది. ప్రభుత్వ ఇళ్లలో ఉండేది ఎక్కువగా నల్లవాళ్లైతే, ఆ ఇళ్ల బోర్డులో నల్లవాళ్లని తప్పించి తెల్లవాళ్లని కూర్చోబెట్టింది. మీరే నిలబడాలి అన్నారు. ఆయన కాంగ్రెస్‌లో హాయిగా ఉన్నాడు. సన్మానం చేస్తాం రండి అంటే వచ్చే రకం కాదు. ఒక షరతు పెట్టాడు: ముందు 50,000 మంది కొత్త ఓటర్లని నమోదు చేసి చూపించండి, తర్వాత మాట్లాడదాం.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి, సార్. మీ దగ్గరికి ఎవరైనా అభ్యర్థి వచ్చి ఎప్పుడైనా ఇలా అడిగారా? టేబుల్ ఎంత, ఎన్ని సీట్లు, చెక్ ఎవరి పేరు మీద అనే కదా అడుగుతారు?

వాళ్లు నమోదు చేశారు. 50,000 కాదు, లక్షకు పైగా. నిరుద్యోగ భృతి ఆఫీసుల ముందు, రేషన్ కూపన్ల క్యూల పక్కన బల్లలు వేసుకుని కూర్చున్నారు. సాఫ్ట్‌షీన్ అనే తల నూనెలూ షాంపూల కంపెనీ యజమాని ఎడ్వర్డ్ గార్డ్‌నర్ సొంత డబ్బుతో రేడియో ప్రకటనలు ఇప్పించాడు. చర్చిల్లో పాటల మధ్య ఫారాలు పంచారు. అప్పుడు హెరాల్డ్ సరే అన్నాడు.

1983 ఫిబ్రవరి 22న డెమొక్రటిక్ ప్రైమరీ. జేన్ బర్న్ ఒక పక్క, పాత డేలీ కొడుకు రిచర్డ్ ఎం. డేలీ ఒక పక్క, మధ్యలో ఈయన. వాషింగ్టన్‌కి సుమారు 36 శాతం, బర్న్‌కి 34, డేలీకి 30. చికాగోలో డెమొక్రటిక్ టికెట్ వస్తే గెలిచినట్టే, రిపబ్లికన్ అభ్యర్థి ఉత్తి లాంఛనం. ఆ ఏడు మాత్రం అలా జరగలేదు. వార్డుల్లో డెమొక్రటిక్ నాయకులే చాలామంది రాత్రికి రాత్రి రిపబ్లికన్ బెర్నార్డ్ ఎప్టన్ వైపు తిరిగారు. ఎప్టన్ ప్రకటనల చివర ఒక మాట వచ్చేది: మరీ ఆలస్యం కాకముందే. దేనికి ఆలస్యమో చెప్పేవాళ్లు కాదు, వినేవాళ్లకి తెలుసు. ఈస్టర్‌కి ముందు ఆదివారం వాషింగ్టన్, దేశ మాజీ ఉపాధ్యక్షుడు వాల్టర్ మాండేల్ కలిసి వాయవ్య భాగంలో సెయింట్ పాస్కల్ చర్చికి వెళ్తే బయట గుంపు బూతులు తిట్టింది. చర్చి తలుపు మీద ఎవరో రంగు డబ్బాతో రాతలు రాశారు.

మా కెప్టెన్ మళ్లీ వచ్చాడు. ఈసారి దీపం గురించి అడగలేదు. "ఇల్లు కొత్తగా కొన్నావు కదా, మిస్టర్ రావ్" అన్నాడు. అంతే, ఇంకో మాట లేదు. నేను మా ఊళ్లో ఏ వాడ ఎక్కడుండాలో, ఎవరు ఏ బావిలో చేద వేయాలో పెద్దలు చెప్పడం వింటూ పెరిగినవాణ్ని. ఆ గొంతు నాకు కొత్త కాదు. గుర్తుపట్టాను. పట్టి కూడా ఏప్రిల్ 12న వెళ్లి ఎప్టన్‌కి ఓటేసి వచ్చాను. నలభై ఏళ్లు దాటింది, మా ఆవిడకి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆవిడ వాషింగ్టన్‌కి వేసింది, నాకు చెప్పకుండా. ఆయన నీలం బ్యాడ్జీ, సూర్యుడు పొడుస్తున్నట్టు కిరణాలుండేది, కుట్టు మిషన్ డ్రాయర్లో తర్వాతెప్పుడో దొరికింది.

హెరాల్డ్‌కి 6,68,176 ఓట్లు, ఎప్టన్‌కి 6,19,926. తేడా 48,250. నమోదు చేసిన లక్ష ఓట్లు పక్కన పెట్టి ఈ లెక్క మళ్లీ చూడండి. నమోదైన ఓటర్లలో ఆ రోజు 80 శాతానికి పైగా వచ్చి ఓటేశారు. 2023లో బ్రాండన్ జాన్సన్ మేయర్‌గా గెలిచినప్పుడు 40 శాతం కూడా రాలేదు.

గెలిచాడు సరే, తర్వాత ఏమైంది? మే నెలలో మొదటి కౌన్సిల్ సమావేశం. ఆల్డర్‌మన్లు 29 మంది, తమలోనే ఇద్దరైన ఎడ్వర్డ్ వ్రడోల్యాక్, ఎడ్వర్డ్ బర్క్‌ల నాయకత్వంలో ఒక జట్టయ్యారు. మేయర్ వైపు 21 మంది. మేయర్ సభ వాయిదా వేసి తన వాళ్లతో బయటికి నడిచాడు. మిగిలిన 29 మంది కుర్చీల్లోంచి కదలకుండా, కమిటీలన్నీ తమలో తామే పంచేసుకున్నారు. కోర్టుకెళ్తే అది చెల్లుతుందని చెప్పింది. మూడేళ్లు ఇదే తంతు. మేయర్ ఎవరి పేరు పంపినా వాళ్లు తొక్కిపెట్టడం, వాళ్లేం పాస్ చేసినా ఆయన వీటో చేయడం. వీటోని కొట్టేయాలంటే 34 ఓట్లు కావాలి, వాళ్ల దగ్గర 29 ఉన్నాయి. ఆ 21 మంది నిలబడబట్టే ఆయన నిలబడ్డాడు. కౌన్సిల్ యుద్ధాలని పేరొచ్చింది, అప్పట్లో అంతర్యుద్ధంలో ఉన్న బీరూట్‌తో పోల్చి ఊరికి 'సరస్సు ఒడ్డు బీరూట్' అని ఎగతాళి పేరూ పడింది. మన సంఘాల్లో పాతవాళ్లకి ఇందులో వింతేం కనపడదు. ఒక సంఘం రెండైన ప్రతిసారీ మనకీ ఒక 29, ఒక 21 ఉంటూనే ఉన్నాయి. తేడా ఏంటంటే, వాళ్లు కొట్టుకుంది రోడ్లు, చెత్త, ఉద్యోగాల కోసం.

మీరు కూరగాయలు కొనే డెవాన్ అవెన్యూ, గాంధీ మార్గ్ అని బోర్డు ఉంటుంది చూడండి, అది 50వ వార్డు. మా ఆల్డర్‌మన్ బెర్నార్డ్ స్టోన్ ఆ 29లో ఒకడు. మా మిఠాయి దుకాణాల వాళ్లు మేయర్‌కి దండ వేయాలని ఉత్సాహపడేవాళ్లు. ఆయన చేతులు కట్టేసిన వాళ్లలో మా వార్డు ఓటు కూడా ఉందని ఎవరికీ పట్టలేదు. నాకూ పట్టలేదు.

ముడి విప్పింది కూడా వార్డులే. 1981లో గీసిన వార్డుల గీతలు నల్లజాతి, లాటినో ఓట్లని చీల్చేలా ఉన్నాయని ఫెడరల్ కోర్టులో కేసు నడిచింది. గీతలు మార్చి ఏడు వార్డుల్లో 1986లో మళ్లీ ఎన్నికలు పెట్టించారు. చివరికి అంతా 26వ వార్డు మీదికి వచ్చింది, ప్యూర్టోరికన్లు ఎక్కువగా ఉండే పేట. మార్చిలో తేలక ఏప్రిల్ 29న రనాఫ్, అంటే ఇద్దరి మధ్య తుది పోటీ, పెడితే మేయర్ పక్షాన ఉన్న లూయిస్ గుటియెరెజ్ గెలిచాడు. 25కి 25. సమానమైతే మేయర్ ఓటు. ఒక్క వార్డు, కొన్ని వందల ఓట్లు, మూడేళ్ల ప్రతిష్టంభన వీగిపోయింది. ఆ గుటియెరెజే తర్వాత పాతికేళ్లకు పైగా కాంగ్రెస్‌లో కూర్చుని వలస చట్టాల మీద గొంతు చించుకున్నాడు. మీలో కొందరు ఆయనతోనూ ఫోటో దిగే ఉంటారు.

కౌన్సిల్ సహకరించని రోజుల్లో కూడా హెరాల్డ్ ఊరికే కూర్చోలేదు. సంతకంతో అయ్యే పనులు సంతకంతో చేశాడు. నగర కాగితాలు జనం అడిగి చూసుకునే హక్కు ఇచ్చాడు. పార్టీ పని చేస్తేనే ఉద్యోగం అనే పద్ధతికి అడ్డుకట్ట వేసే కోర్టు ఒప్పందం మీద సంతకం పెట్టాడు, అంటే తండ్రి బతికిన మెషీన్‌కే ఎసరు పెట్టాడు. 1985 మార్చిలో ఇంకో ఉత్తర్వు ఇచ్చాడు. లైసెన్సుకో, ఉద్యోగానికో వచ్చినవాణ్ని నువ్వు సిటిజన్‌వా కాదా అని నగర సిబ్బంది అడగకూడదు, వలస అధికారుల తరఫున ఆ పని చేయకూడదు. టాక్సీ లైసెన్సులకి దరఖాస్తు చేసుకునేవాళ్లకి అది ఎంత ఊరటో నేను కళ్లారా చూశాను. మా ఇంటి కింద పోర్షన్‌లో ఉండే కుర్రాడు ఆ వారమే దరఖాస్తు నింపాడు, నా వంటగది బల్ల మీదే. ఈ రోజు ఈ దేశంలో వలసవాళ్ల చుట్టూ నడుస్తున్న గొడవ చూస్తూ ఆ ఉత్తర్వు గుర్తు తెచ్చుకోండి.

1987 ఏప్రిల్‌లో రెండోసారి గెలిచాడు. నవంబర్ 25న, థాంక్స్‌గివింగ్ ముందు రోజు, పొద్దున పదకొండు గంటల వేళ ప్రెస్ సెక్రటరీతో మాట్లాడుతూ బల్ల మీదికి ఒరిగాడు. గుండెపోటు. వయసు 65. ఆయన మీద నాకున్న ఒకే ఫిర్యాదు ఇక్కడుంది: తన తర్వాత ఎవరన్నది తేల్చలేదు. వారం తిరక్కుండా ఆయన మనుషులే రెండుగా చీలారు. పాత 29లో మిగిలినవాళ్ల మద్దతుతో డిసెంబర్ 2 తెల్లవారుజామున నాలుగింటికి ఆ మనుషుల్లోనే ఒకడైన ఆల్డర్‌మన్ యూజీన్ సాయర్ మేయరయ్యాడు. సిటీ హాల్లో జనం డాలరు నోట్లు ఊపుతూ అమ్ముడుపోయారని అరిచారు. 1989లో పాత డేలీ కొడుకు వచ్చి 2011 దాకా కూర్చున్నాడు. ఎడ్వర్డ్ బర్క్ సంగతి చెప్పనేలేదు. 1969 నుంచి 2023 దాకా ఒకే వార్డులో ఆల్డర్‌మన్, ఆ ఏడాది చివర్లో అవినీతి కేసులో జ్యూరీ దోషి అని తేల్చింది, రెండేళ్ల శిక్ష పడింది. ఎనిమిది మంది మేయర్లు వచ్చి వెళ్లారు, ఆయన మాత్రం అక్కడే.

మీరు ఏమంటారో నాకు తెలుసు. "పెద్దాయనా, మావాళ్లలో సగం మంది హెచ్ వన్ బీ, మిగతా సగం గ్రీన్‌కార్డు క్యూలో ఉన్నారు. ఓటెక్కడిది?" నిజమే. అయితే చికాగో ప్రభుత్వ బడుల్లో లోకల్ స్కూల్ కౌన్సిళ్లు ఉన్నాయి. 1987లో 19 రోజుల టీచర్ల సమ్మె తర్వాత పిల్లల తల్లిదండ్రులని పిలిచి హెరాల్డ్ పెట్టించిన సమావేశాల్లోంచే వాటి ఆలోచన బలపడింది. ఆయన పోయాక 1988లో చట్టమైంది. ఆ కౌన్సిళ్లలో తల్లిదండ్రులదే పెద్ద వాటా, ప్రిన్సిపాల్‌ని ఎంపిక చేసేది వాళ్లే. వాటికి ఓటేయడానికి, నిలబడడానికి సిటిజన్ కానక్కర్లేదు. తెలుగు పిల్లలున్న బడుల్లో తెలుగు తల్లిదండ్రులు ఎంతమంది నిలబడ్డారు? నాకు తెలిసి ఒకావిడ, అదీ ఆవిడ సొంతంగా.

ఇక చికాగో శివార్లలో నేపర్‌విల్, అరోరా, షామ్‌బర్గ్‌ల వైపు ఇళ్లు కొనుక్కుని 20 ఏళ్లయిన సిటిజన్లు మనకి తక్కువేం లేరు. అక్కడ సిటీ కౌన్సిళ్లు, విలేజ్ బోర్డులు, స్కూల్ బోర్డులు, పార్కు డిస్ట్రిక్టులకి బేసి సంవత్సరం ఏప్రిల్‌లో ఎన్నికలు. వచ్చేవాళ్లు చాలా తక్కువ, పెద్ద అపార్ట్‌మెంట్ కాంప్లెక్సులో జనం అంతా కదిలితే సీటు మారిపోతుంది. 2027 ఫిబ్రవరిలో చికాగో మేయర్ ఎన్నిక, ఏప్రిల్‌లో సబర్బ్‌లవి. మీ కన్వెన్షన్ లైటింగ్ బడ్జెట్‌లో పదో వంతు పెట్టినా ఓటరు నమోదు బల్లలు రాష్ట్రమంతా వేయొచ్చు. మీ ఆడిటర్ 501 సీ త్రీ, అంటే పన్ను మినహాయింపు ఉన్న సేవాసంస్థల నిబంధన, అని భయపెడతాడు. ఏ అభ్యర్థికీ ప్రచారం చేయకూడదు, అది నిజం. ఎవరి పక్షమూ పట్టకుండా నమోదు చేయడానికి ఏ అడ్డూ లేదు. ఒక్క జాగ్రత్త తీసుకోండి: బల్ల దగ్గర కూర్చునే పిల్లలకి, ముందు "మీరు సిటిజనా అండీ" అని అడగమని గట్టిగా చెప్పండి. గ్రీన్‌కార్డు మనిషి పొరపాటున సంతకం పెడితే అతని కేసే మునిగిపోతుంది.

స్టాప్ సైన్ సంగతి చెప్పి ముగిస్తాను. ఆవిడ ఉండే ఊళ్లో అది విలేజ్ బోర్డు పని. ప్రెసిడెంటు, ఆరుగురు ట్రస్టీలు. బోర్డు మీటింగులో ఎవరైనా లేచి మాట్లాడొచ్చు, సిటిజన్ కాకపోయినా సరే. ఇద్దరం కలిసి వెళ్లాం. ఆవిడకి మూడు నిమిషాలు ఇచ్చారు. ఆవిడ తెలుగులో చెప్పారు, తొమ్మిదేళ్ల మనవడు ఇంగ్లిష్‌లో చెప్పాడు. "మా నాయనమ్మ మోకాళ్లకి పరిగెత్తే ఓపిక లేదు" అని వాడు సొంతంగా ఒక ముక్క కలిపాడు, ఆవిడ అననే లేదు. ఒక ట్రస్టీ నవ్వి, వీధి పేరు అడిగి రాసుకున్నాడు. బళ్ల లెక్క తీయమని ఇంజినీరుకి చెప్పారు, వచ్చే సమావేశం ఎజెండాలో పెట్టారు. హాల్లో వందకు పైగా కుర్చీలు. మేం కూర్చున్నవి మూడు.

వచ్చే నెల రెండో మంగళవారం సాయంత్రం ఏడింటికి మళ్లీ వెళ్తున్నాం. మీరూ రండి. శాలువా అక్కర్లేదు.

ఇట్లు,
డెవాన్ అవెన్యూకి నాలుగు వీధుల అవతల ఉండే
మీ పెద్దాయన